నీలం రంగు కింద

జూన్ 3

ప్రియమైన పెదనాన్న గారికి,

నట్టు రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఆఁ?" అనడం, నేను వర్క్‌షాప్ అంతా వినపడేలా అరవడం, చివరికి ఇద్దరమూ ఏమీ అర్థం కాకుండానే "సరే సరే" అని పెట్టేయడం. అందుకే కాగితం పట్టాను. ముప్పై తొమ్మిదేళ్లు రుద్దుడు మెషీన్ల పక్కన నిలబడ్డ చెవులు ఇక ఇంతే అని మీరే అన్నారు కదా.

ఇక్కడ కబురు ఏమిటంటే, మన సిటీ బస్సులకి వచ్చే ఆగస్టుకి డెబ్బై ఐదేళ్లు. ఏ ఏడు ఏ బళ్లు కొన్నారు, ఏ రంగులు వేశారు అన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారు. ఒక పాత బండిని బాగుచేసి డిపో గేటు పక్కన నిలబెడతారట. ఆ పని బాడీ సెక్షన్‌కి, అంటే నా నెత్తిన పడింది. తుక్కు యార్డులో వెతికితే కాస్త నిలబడగలిగే బండి ఒక్కటే దొరికింది. నంబరు 212.

చివర్లో దాన్ని బ్రేక్‌డౌన్ వ్యాన్‌గా వాడి పసుపు పూశారు. అరచేయంత మేర ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే పసుపు చుట్టు లోపల నీలం, దాని లోపల ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ. ఆ రంగుల కథంతా మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఎవరు వేయమన్నారు, ఏం కలిపారు, జనం ఏమన్నారు, అన్నీ రాయండి.

212 నాన్న బండి అని మీకు చెప్పక్కర్లేదు. ఆయన స్టీరింగు పట్టిన ఆఖరి బండి. పుస్తకంలో ఆ బండి పేజీ చిత్తుప్రతి నాకు చూపించారు. అందులో ఇలా ఉంది: "ముప్పై ఒక్క ఏళ్ల క్రితం ఒక ప్రయాణికురాలు దిగుతుండగా డ్రైవరు అజాగ్రత్తగా బండి కదిలించడంతో ఆమె పడి తుంటి ఎముక విరిగింది. ఈ బండి చరిత్రలో ఇదొక్కటే ప్రమాదం." జులై ఆఖరి వారంలో అచ్చుకి వెళుతుంది. నాన్నకి ఇంకా చెప్పలేదు. బండి బాగుచేస్తున్నామని మాత్రం చెప్పాను. "మంచిది" అని తిన్న కంచం తీసుకుని లేచిపోయారు. ప్రారంభానికి రానన్నారు.

నాన్నకి మీరు సొంత అన్నకంటే ఎక్కువ. ఆ రోజుల సంగతి ఏదైనా గుర్తుంటే అది కూడా రాయండి.

మీ నట్టు

*

జూన్ 11

ప్రియమైన నట్టమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. షెడ్డులో నేల మీద దొరికిన నట్లన్నీ గౌను జేబులో వేసుకుని నడవలేక నడిచిన పిల్ల ఇవాళ బాడీ సెక్షన్ ఇంజినీరు. మా చెల్లెలికి చదివి వినిపిస్తే "నీ కూతురైనా ఇంత బాగా రాసేది కాదు" అంది. నాకు కూతురు లేదన్న సంగతి దానికి అప్పుడప్పుడు గుర్తుండదు.

రాసుకో. మొదటి రంగు ఆకుపచ్చ. దాని వెనక పెద్ద ఆలోచన ఏమీ లేదు. మునిసిపాలిటీ వాళ్లు పార్కు బెంచీలకి, నీళ్ల పంపులకి, బస్సులకి ఒకే రంగు డబ్బాలు తెప్పించేవాళ్లు. మా గురువు చెప్పేవాడు, తొలి రోజుల్లో ఓ పెద్దాయన బెంచీ అనుకుని బండి మెట్టు మీద కూర్చుని నిద్రపోతే డ్రైవరు ఆయన లేచేదాకా ఆగాడని. నిజమో, ఆయన కోతలో నాకు తెలియదు. కప్పుకి మాత్రం మీగడ రంగు వేసేవాళ్లం, ఎండకి లోపల జనం ఉడికిపోకుండా. కిటికీల కింద మీగడ రంగు పట్టీ సరిగ్గా నాలుగు వేళ్లు. దారం కట్టకుండా చేత్తో గీసేవాడు మా గురువు. నాకు ఆ విద్య రావడానికి ఆరేళ్లు పట్టింది.

తర్వాత ఎరుపు. చూడ్డానికి దర్జాగా ఉండేది గానీ రంగుమందు తక్కువ కలిపిన సరుకు అంటగట్టారు మాకు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి వెలిసి గులాబీ అయింది. జనం "ఉల్లిపాయ బళ్లు" అని పేరు పెట్టారు. కండక్టర్లు కూడా ఉల్లిపాయ వచ్చింది ఎక్కండి అని పిలిచేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. మధ్యాహ్నం తిండి మానేసి మైనం పెట్టి రుద్దిన రోజులున్నాయి.

తర్వాత నీలం, తెల్ల చార. కొత్త చైర్మన్ వచ్చి మార్చమన్నాడు. మార్చాం.

ఆ తర్వాత తెలుపు. అది నేను రిటైరయ్యాక. ఇప్పుడు తెలుపు కూడా కాదు, బండి మొహం కనపడకుండా సబ్బుల బొమ్మలు, బ్యాంకుల బొమ్మలు అంటిస్తున్నారు. దాన్ని రంగు అనను నేను.

ఆకుపచ్చ కలపాలంటే డబ్బా రంగు పదిపాళ్లకి ఒక పాలు నలుపు, చిటికెడు పసుపు. డబ్బా మీద రాసి ఉన్న పేరు నమ్మకు, ఆరాక చూడు.

మీ నాన్నని అడిగానని చెప్పు.

నీ పెదనాన్న

*

జూన్ 20

ప్రియమైన పెదనాన్న గారికి,

మీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివాను. ఉల్లిపాయ దగ్గర నవ్వలేక చచ్చారు. మీరు చెప్పినట్టే కలిపితే ఆకుపచ్చ అచ్చం కుదిరింది.

ఒకటి అడగాలి. ఆకుపచ్చకి అంత రాశారు, ఎరుపుకి అంత రాశారు, నీలానికి వచ్చేసరికి ఒక్క వాక్యం. రికార్డు గదిలో చూస్తే నూట నలభై బళ్లు పద్దెనిమిది రోజుల్లో నీలం అయ్యాయని ఉంది. ఎలా చేశారు పెదనాన్నా? మేం ఇప్పుడు ఒక్క బండికి ఆరు రోజులు తీసుకుంటున్నాం.

నిన్న వెనక తలుపు దగ్గర రుద్దాను. మిగతా చోట్ల నీలం కింద అడుగుపూతగా బూడిదరంగు ప్రైమరు ఉంది. తలుపు పక్కన, దిగేటప్పుడు పట్టుకునే రాడ్డు అడుగున మాత్రం లేదు. తుప్పు మీదే నీలం పూసేశారు. అక్కడ నీలం గుండ్రంగా ఒక గీత వెంట పొరలా లేచి వచ్చింది. కింద పసుపు మైనం పెన్సిల్ గుర్తు. రాడ్డుని రేకుకి బిగించే పట్టా ఇప్పుడున్న చోటుకి రెండు వేళ్ల కింద పాత రివెట్ల రంధ్రాలు నాలుగు, పుట్టీ పెట్టి మూసి ఉన్నాయి. బాడీ మేస్త్రి పోయి పదేళ్లయింది, ఆయన్ని అడగలేను. ఇవన్నీ ఏమిటో మీకు తెలుసా?

ఇంకొకటి, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నాన్నని డ్రైవింగ్ నుంచి తీసి బళ్లు కడిగే యార్డులో వేసినప్పుడు నాకు పదకొండేళ్లు. స్కూల్లో మాత్రం డ్రైవర్ అనే చెప్పేదాన్ని. ఒకసారి మా తరగతిని డిపో చూపించడానికి తీసుకొచ్చారు. నాన్న మోకాళ్ల దాకా నీళ్లలో, చేతిలో గొట్టంతో నిలబడి నన్ను చూసి నవ్వారు. నేను తల తిప్పుకుని నడిచాను. ఆయన పిలవలేదు. ఇంటికొచ్చాక అడగలేదు కూడా. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ నట్టు

*

జూన్ 29

నట్టమ్మకు,

నువ్వు రంగులు అడిగావు, రంగులు చెప్పాను. రంధ్రాల సంగతి నన్నడిగితే ఎలా? పదిహేనేళ్లు తిరిగిన బండికి వంద రంధ్రాలుంటాయి. మెకానిక్ అన్న ప్రతివాడూ ఒకటి పొడుస్తాడు. ప్రైమరు లేదంటావా, తేమకి ఊడి ఉంటుంది.

పద్దెనిమిది రోజుల్లో ఎలా చేశారంటే చేశాం. మూడు షిఫ్టులు పెట్టాం.

ఆ పుస్తకంలో వాక్యం తీసెయ్యమని అడుగు. ఎప్పుడో జరిగినదాన్ని ఇప్పుడు తవ్వడం దేనికి. మీ నాన్న ఉన్నవాడు ఉన్నట్టు ప్రశాంతంగా ఉన్నాడు కదా.

నాకు ఒంట్లో అంత బాగుండటం లేదు. పెద్ద ఉత్తరాలు రాయలేను.

పెదనాన్న

*

జులై 8

ప్రియమైన పెదనాన్న గారికి,

ఆరోగ్యం జాగ్రత్త. చెల్లెలి గారిని మందులు సమయానికి ఇవ్వమనండి.

మీరు చెప్పినట్టే అడిగాను. ఆ వాక్యం తీయరట. విచారణ కాగితాలు తెచ్చి చూపించారు. తప్పు తనదేనని కింద నాన్న సంతకం ఉంది. సంతకం పెట్టినవాడే ఒప్పుకున్నాక మేమెలా కాదంటాం అన్నారు.

నాన్న ప్రశాంతంగా లేరు. పోయిన బుధవారం అందరం భోజనానికి వెళ్లాక షెడ్డుకి వచ్చారు. నేను డ్రాయింగ్ కోసం వెనక్కి వచ్చి చూశాను. డ్రైవరు సీటు వైపు వెళ్లలేదు ఆయన. వెనక తలుపు దగ్గర కింద నిలబడి మెట్టు వైపు చూస్తున్నారు. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా చెప్పులు వెతుక్కున్నారు. తర్వాత అన్నారు: "నట్టూ, బండి ఆపే ఉంచాననే అనుకున్నాను. బ్రేకు మీద కాలు ఉన్నట్టే గుర్తు. కానీ రాడ్డు గట్టిగానే ఉంది, మెట్టు బాగానే ఉంది. మరి ఆవిడ ఊరికే ఎందుకు పడుతుంది? నా కాలే జారి ఉంటుంది."

ఆవిడ గురించి మీకు పూర్తిగా తెలుసో లేదో. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేదు. నాన్న నెలకోసారి పళ్లు పట్టుకుని వెళ్లేవారు, పంతొమ్మిదేళ్లు, ఆవిడ పోయేదాకా. చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్లారు. ఆవిడ ప్రతిసారీ అదే మాట అనేది: "రాడ్డు నా చేతిలోకి వచ్చేసింది బాబూ." నాన్న తల వంచుకుని, "లేదమ్మా, తప్పు నాదే" అనేవారు. ఆవిడకి ఆ కంగారులో అలా అనిపించిందని అందరం అనుకున్నాం.

పేజీ ఇరవై ఐదున అచ్చుకి వెళుతుంది. మీకు చెప్పడానికి ఏమీ లేకపోతే జవాబు రాయకండి. నేను ఇంక అడగను.

నట్టు

*

జులై 15

ప్రియమైన నట్టమ్మకు,

ఇలా పిలిచే మొహం లేదు. అయినా ఇంకెలా పిలవాలో తెలియక పిలుస్తున్నాను.

ఒంట్లో బాగాలేదన్నది అబద్ధం. రంధ్రాల గురించి రాసిందీ అబద్ధమే. చెబుతాను, విను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. రంగు వేసే ముందు బాడీ మేస్త్రి బండి చుట్టూ తిరిగి సుత్తితో కొట్టి చూసేవాడు. ఎక్కడ రేకు పుచ్చిందో అక్కడ పసుపు మైనం పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. ఆ ముక్క కోసి కొత్తది అతికాక సున్నా మీద అడ్డగీత కొట్టేవాడు. అడ్డగీత లేని సున్నా మీద పెయింటరు కుంచె పెట్టకూడదు. మా గురువు నాకు రంగు కలపడం కంటే ముందు నేర్పింది ఇదే.

నీలం వేసేటప్పుడు చైర్మన్ తారీఖు పెట్టేశాడు, నూట నలభై బళ్లూ ఒక్కరోజే వరసగా ఊళ్లో తిరగాలని. సమయానికి చేయిస్తే నిన్ను ఫోర్‌మన్‌ని చేస్తామని నాకు మాటిచ్చారు. ఆఖరి రోజు ఆఖరి బండి 212. వెనక తలుపు పక్కన సున్నా ఉంది, అడ్డగీత లేదు. మేస్త్రి ఆ రోజు సెలవు. నేను గోరుతో గీరి చూశాను, రేకు అట్టముక్కలా ఉంది. ఊరేగింపు అయ్యాక వెనక్కి పిలిపించి చేయిద్దాం అనుకున్నాను. మనుషులెవరూ చూడకుండా ఆ చోట నేనే స్వయంగా నీలం వేశాను. ప్రైమరు ఆరే టైము లేదని అది కూడా వేయలేదు. మైనం మీద రంగు నిలవదని నాకు తెలియదా? తెలుసు. నాలుగు రోజులు కనపడకపోతే చాలు అనుకున్నాను. తర్వాత ఫోర్‌మన్ అయ్యాను. ఆ సంతోషంలో 212ని పిలిపించడం మర్చిపోయాను. మర్చిపోయాను అని రాయడం తేలిక. రెండుసార్లు గుర్తొచ్చింది కూడా. పిలిపిస్తే ఎందుకని అడుగుతారని వాయిదా వేశాను.

ఇరవై రెండో రోజు ఆవిడ పడింది. మీ నాన్న బండి వైపు చూడకుండా ఆవిడతో ఆసుపత్రికి పోయాడు. సాయంత్రం ఇంకొకడు తోలుకొచ్చిన బండి షెడ్డుకి వచ్చేసరికి రాడ్డు అడుగున ఊడి, పట్టాతో సహా వేలాడుతోంది. దాన్ని మొదట చూసింది నేనే. డిపో మేనేజరు పొద్దున్న బండి లైన్లో ఉండాలి అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. మిగతాదంతా నా బుద్ధే. రెండు వేళ్లు పైకి, మంచి రేకు ఉన్నచోట కొత్త రంధ్రాలు పొడిచి రాడ్డు బిగించాను. పాత రంధ్రాలు పుట్టీతో మూసి నీలం అద్దాను. మర్నాడు విచారణకి వచ్చినాయన ఆ రాడ్డు పట్టుకుని ఊగి మరీ చూశాడు. "గట్టిగా ఉంది" అని రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మీ నాన్న నా మొహంలోకి చూసి, "అన్నా, బండి కదల్లేదు, నువ్వైనా నమ్ముతావు కదా" అన్నాడు. "ఏమోరా, ఒక్కోసారి మనకే తెలియదు" అన్నాను. ఆ మాట పట్టుకునే వాడు సంతకం పెట్టాడు. నేను చెప్పాను కాబట్టి తన కాలిని తనే నమ్మడం మానేశాడు. రేకు మీద చేసిన తప్పు కంటే ఇది పెద్దది నట్టమ్మా. ఇన్నాళ్లూ అన్నం సహించని రోజు వచ్చిందంటే ఇదే గుర్తొచ్చి ఉంటుంది.

వాడు యార్డులో బళ్లు కడుగుతుంటే నేను ఫోర్‌మన్ కుర్చీలోంచి కిటికీ గుండా చూసేవాణ్ణి. తర్వాత కుర్చీ తిప్పి పెట్టించుకున్నాను. మీ ఇంటికి పండక్కీ పబ్బానికీ వచ్చి భోంచేశాను. మీ అమ్మ వడ్డించింది. మీ అమ్మ పోయినప్పుడు వాడి భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. ఆ చేతిని చూసుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తోంది. కుట్టుపని ఆవిడ దగ్గరికి పంతొమ్మిదేళ్లు వెళ్లాడని నాకు తెలియదు. తెలిస్తే చెప్పేవాణ్ణా అంటే, ప్రమాణం చేయలేను.

బండి ఆగే ఉంది. ఆవిడ రాడ్డు ఊడే పడింది, వాడు కదపలేదు. ఈ ఉత్తరం ఎవరికి చూపిస్తావో చూపించు. కింద హోదాతో సహా సంతకం పెడుతున్నాను. వాడికి నేనే చెప్పాలి, తెలుసు. కానీ ఎదురుగా నిలబడే ధైర్యం లేదు.

అపరాధి,
పెయింట్ సెక్షన్ మాజీ ఫోర్‌మన్

*

జులై 22

ప్రియమైన పెదనాన్న గారికి,

ఇలా మొదలుపెట్టాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మొదలుపెట్టాను.

ముందు నా తప్పు చెబుతాను. వెనక తలుపు జూన్ పంతొమ్మిదిన రుద్దానని రాశాను. అబద్ధం. మీకు మొదటి ఉత్తరం రాయకముందే, ఆ బండి మీద నేను ముట్టుకున్న మొదటి చోటు అదే. అడ్డగీత లేని సున్నాకి అర్థం ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను. మీ షెడ్డు పద్ధతి ఇప్పటికీ అలాగే ఉంది. పుట్టీ పెట్టిన రంధ్రాలు చూడగానే కుట్టుపని ఆవిడ మాట నిజమని అర్థమైంది. రంగుల కథ రాయమని మిమ్మల్ని అడిగింది, మీ అంతట మీరు చెబుతారేమోనని. బండి మీద గుర్తులు చూపిస్తే ఆఫీసు పెద్దలు "ఎవరో చేశారు" అంటారు. ఆ రోజు రాడ్డు ఊడిందని చెప్పగలిగినవాళ్లు మీరొక్కరే. అందుకని తెలిసి తెలిసి ఏమీ తెలియనట్టు రాశాను, నాన్న షెడ్డుకి వచ్చిన సంగతి కూడా అందుకే రాశాను. పెద్దవారిని అలా ఉచ్చులోకి దింపినందుకు నాకు సిగ్గుగానే ఉంది.

ఉత్తరం ఆఫీసులో ఇచ్చాను. మైనం గుర్తు ఫోటోలూ ఇచ్చాను. పాత వాక్యం కొట్టేశారు. "రంగు కింద దాచిన తుప్పు వల్ల రాడ్డు ఊడి ప్రయాణికురాలు పడింది. బండి ఆగే ఉంది. డ్రైవరు తప్పు లేదు" అని రాశారు. కుట్టుపని ఆవిడ కూతురి దగ్గరికి నేను వెళ్లి చెప్పాను. "అమ్మ పిచ్చిది కాదన్నమాట" అంది, అంతే.

నాన్నకి ఆదివారం మధ్యాహ్నం చదివాను. మొదటి సగం కదలకుండా విన్నారు. "ఏమోరా, ఒక్కోసారి మనకే తెలియదు" దగ్గర చెయ్యెత్తి ఆపి, ఇంకోసారి చదవమన్నారు. చదివాను. "బండి కదల్లేదు" అన్నారు. నాకు చెప్పినట్టు లేదు. కాలు ఎత్తి నేల మీద గట్టిగా ఆనించి చూసుకున్నారు. "నేను అప్పుడే చెప్పాను. బండి కదల్లేదు."

తర్వాత లేచారు. పెదనాన్నా, నా నలభై రెండేళ్లలో నాన్న గొంతు పెంచడం నేను వినలేదు. ఎవరైనా కాలు తొక్కినా ఈయనే క్షమించమనే మనిషి. ఆరోజు వీధి వీధంతా వినపడేలా అరిచారు. మిమ్మల్ని రంగుల వెధవ అన్నారు, నమ్మకద్రోహి అన్నారు, మిగతావి రాయడానికి నాకు చెయ్యి రాదు. పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లు ఎంత చెప్పినా కూర్చోలేదు. గోడకి తగిలించిన మనందరి ఫోటో దింపి మీ మొహం వైపు వేలు పెట్టి మరీ తిట్టారు. అలా అరగంట. నేను వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. భయపడి కాదు. నాన్న తల ఎత్తి మాట్లాడటం అమ్మ చూడలేదే అని.

క్షమించారా అని నన్ను అడగకండి. నేను ఆయన్ని అడగలేదు, అడగను కూడా. నా మటుకు నాకు ఇంకా తెలియదు.

ఇవాళ పొద్దున్న గడ్డం గీసుకుంటూ నన్ను పిలిచి మీకు రాయమన్నారు. ఉత్తరాలతో సరిపెడితే కుదరదట. ఎదురుగా వచ్చి నిలబడాలట. వచ్చే ఆదివారం పొద్దున రైలుకి వస్తే స్టేషనుకి తనే వస్తానన్నారు. మీకు చెవులు సరిగా వినపడవని గుర్తుచేశాను. "పర్లేదు, దగ్గరగా నిలబడి తిడతాను, ఇంకా సగం కూడా కాలేదు" అన్నారు.

రండి.

నట్టు